పుస్తకం చేతిలో ఉండగానే తప్పు తెలియాలి

రోజూ పొద్దున్న పదింటికి మా టీములో అందరం గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏది అడ్డం పడుతోంది అన్న మూడు ముక్కలూ వల్లిస్తాం. పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. గంట పడుతుంది. దీన్ని ఎజైల్ అంటారు. మా అమ్మకి ఓసారి ఫోనులో చెప్తే, "నుంచోబెట్టి పాఠం అప్పజెప్పించుకోడానికి ఇంజనీరింగు చదవాలేంట్రా" అంది. :)

కాబట్టి ఎజైల్ అంటే నాకు పెద్ద భక్తేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఐదారేళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉండి, దాని పేరు చెప్పి జరిగే తతంగాలు చాలానే చూశాను. అయినా ఇవాళ దాన్ని వెనకేసుకు రావడానికే కూర్చున్నాను. దానికి కారణం మా ఆఫీసు కాదు, మా ఊరి లైబ్రరీ.

మాది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. కాలవ గట్టు మీద పెంకుటింట్లో చిన్న గ్రంథాలయం ఉంది. గ్రంథాలయోద్యమం రోజుల్లో ఊరివాళ్ళు చందాలేసుకుని పెట్టుకున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడానికి కారకులైన అయ్యంకి వెంకటరమణయ్య గారు మా తూర్పు గోదావరి కొంకుదురులో పుట్టినవారే. ఆ గాలి మా వైపు గట్టిగానే వీచింది. ఇప్పుడు అందులో ఎనిమిది వందల పైచిలుకు పుస్తకాలున్నాయి. సగం వాటికి అట్టల్లేవు. చెదలు తిన్నవి తినగా, చెమ్మకి అతుక్కుపోయినవి పోగా, మిగిలినవాటి కాయితం పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది.

దాన్ని చూసుకునేది ఒక రిటైరైన తెలుగు మేష్టారు. ఎనభై దాటాయి. జీతం బత్తెం ఏమీ లేదు. రోజూ సాయంత్రం వచ్చి తలుపు తీసి, దుమ్ము దులిపి, దీపం పెట్టే వేళకి తాళం వేసుకుని పోతారు. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు పట్టుకున్నారు. "ఒరే అబ్బాయ్, కంప్యూటర్ల ఉద్యోగం అంటావు గదా. వీటిని ఆ ఇంటర్నెట్టులోకి ఎక్కించలేవూ? నేనున్నన్నాళ్ళూ చూస్తాను. ఆ తరవాత వీటిని కాటాకి వేసేస్తార్రా" అన్నారు.

సరేనండీ మేష్టారూ అన్నాను. నేనూ, నాతో చదువుకున్న ముగ్గురు ఫ్రెండ్సూ కలిశాం. నలుగురం ఇంజనీర్లమే. ఇంజనీర్లు నలుగురు కలిస్తే ముందు ఏం చేస్తారు? ఎక్సెల్ షీటు తెరుస్తారు. ఎనిమిది వందల పుస్తకాలకీ ఇరవై రెండు కాలాలు గీశాం. ముందు మొత్తం స్కానింగు, అది అయ్యాక మొత్తం పేర్లూ వివరాలూ ఎక్కించడం, అది అయ్యాక సైటు కట్టడం, ఆ తరవాత దీపావళికి మేష్టారి చేత రిబ్బను కట్ చేయించడం. ప్లానంటే అదీ ప్లాను.

నాలుగు నెలలు గడిచాయి. శనాదివారాల్లో బస్సెక్కి వెళ్ళి, నడుం విరిగేలా స్కాన్ చేస్తే నూట నలభై పుస్తకాలయ్యాయి. అవన్నీ నా బ్యాగులో హార్డ్ డిస్కులో ఉన్నాయి. మేష్టారు వెళ్ళినప్పుడల్లా "ఎంతవరకూ వచ్చిందిరా" అని అడిగేవారు. "అవుతోందండీ" అనేవాణ్ణి. ఒకరోజు, "పోనీ, ఒక్కటి చూపించు" అన్నారు. చూపించడానికి ఒక్కటీ లేదు! నూట నలభై పుస్తకాలు అయ్యాయి గానీ మనిషి చదువుకోడానికి ఒక్క పుస్తకం కూడా అవలేదు. ఆయన ఏమీ అనలేదు. నవ్వారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మా పరిభాషలో ఈ పద్ధతిని వాటర్‌ఫాల్ అంటారు. ఒక మెట్టు మీద పని పూర్తిగా అయ్యాకే నీళ్ళు కింద మెట్టుకి దూకుతాయి, వెనక్కి ఎక్కవు. దీనికి మూలపురుషుడిగా చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లో తన వ్యాసంలో ఆ మెట్ల బొమ్మ గీశాడు గానీ, ఇలా సూటిగా పోతే ప్రమాదమని కూడా అందులోనే రాశాడు. జనం బొమ్మ చూసుకుని రాత వదిలేశారు. 2001లో అమెరికాలో యూటా మంచుకొండల్లో పదిహేడుమంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాసింది ఈ జబ్బుకి మందుగానే. అందులో నాలుగు మాటలున్నాయి, వాటి వెనక పన్నెండు సూత్రాలున్నాయి. నిలబడి మాట్లాడుకోవడం వాటిలో లేదు. పనిచేసే వస్తువుని తరచుగా, కొంచెం కొంచెంగా, వాడే మనిషి చేతికి ఇవ్వడం మాత్రం ఉంది.

సరే, మేం కూడా ఎక్సెల్ షీటు మూసేశాం. కొత్త నియమం పెట్టుకున్నాం. రెండు వారాలకి ఐదు పుస్తకాలు, అంతే. ఆ ఐదూ "అయ్యాయి" అని ఎప్పుడంటామంటే, మేష్టారు తన ఫోనులో, మా సాయం లేకుండా, తనే వెతికి, తెరిచి, చదవగలిగినప్పుడు. అప్పటిదాకా అవనట్టే.

మొదటి ఐదింటికే మా తెలివితేటలన్నీ బయటపడ్డాయి. ఒక్కో పుస్తకం ఫైలు రెండు వందల ఎంబీ ఉంది. మా ఊళ్ళో సిగ్నలుకి అది దిగేసరికి మేష్టారికి నిద్రొచ్చింది. రెండోది, ఆయన "చిలకమర్తి" అని తెలుగులో కొట్టారు. ఏమీ రాలేదు. ఎందుకంటే మేం పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, నలుగురం నాలుగు రకాలుగా పెట్టాం. మూడోది అన్నిటికన్నా పెద్దది. చదువుతూ చదువుతూ ఆయన ఆగిపోయారు. "ఒరే, నలభై ఆరో పేజీ తరవాత నలభై తొమ్మిది వచ్చింది. ఆకు తిప్పేటప్పుడు రెండు కలిసిపోయాయిరా" అన్నారు.

ఇక్కడే నాకు జ్ఞానోదయం అయింది. ఆ పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. స్కానరు పక్కనే ఉంది. ఐదు నిమిషాల్లో ఆ రెండు పేజీలూ తీసి అతికించేశాం. అదే తప్పు దీపావళి తరవాత తెలిసుంటే? ఎనిమిది వందల పుస్తకాల్లో ఎన్ని ఆకులు పోయాయో వెతకాలి, ఆ కాయితం రెండోసారి స్కానింగుకి తట్టుకోవాలి, మా నలుగురికీ ఇంకా ఓపిక ఉండాలి. ఈ మూడూ జరిగేవి కావు. తప్పులు ఎవరైనా చేస్తారు. డిజిటల్ గ్రంథాలయం బతికేదీ చచ్చేదీ ఆ తప్పు *ఎప్పుడు* తెలిసింది అన్నదాని మీద. పుస్తకం చేతిలో ఉండగా తెలిస్తే దిద్దుకుంటాం. పుస్తకం అరలోకి వెళ్ళిపోయాక తెలిస్తే నిట్టూరుస్తాం.

ఇప్పుడు పెద్ద కథకి వద్దాం. తెలుగు పుస్తకాల విషయంలో ఇప్పటిదాకా జరిగిన అతిపెద్ద డిజిటల్ యజ్ఞం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో ఇది మన దేశపు భాగం. బెంగుళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ఐఐఐటీ లాంటి సంస్థలు మోశాయి. చైనా, ఈజిప్టు కూడా కలిసిన ఆ మొత్తం ప్రాజెక్టు 15 లక్షల పుస్తకాలు దాటిందని 2007 నవంబరులో ప్రకటించారు. అందులో చైనీసు, ఇంగ్లీషుల తరవాత చెప్పిన భాష ఏదో తెలుసా? తెలుగు. 50,000 పుస్తకాలు! అరబిక్కు కంటే ముందున్నాం. ఇవాళ మనం ఆర్కైవ్.ఆర్గ్‌లో నూరేళ్ళ నాటి తెలుగు పుస్తకం దించుకుంటున్నామంటే చాలాసార్లు ఆ పుణ్యం వాళ్ళదే. ఆ కల కన్నవాళ్ళకీ, ఆ దుమ్ములో కూర్చుని పేజీలు తిప్పినవాళ్ళకీ ముందు ఒక దణ్ణం పెట్టే మిగతా మాట మాట్లాడతాను.

కానీ ఆ సైటు వాడినవాళ్ళకి దాని కష్టాలూ గుర్తుండే ఉంటాయి. పుస్తకం పేజీ పేజీగా టిఫ్ బొమ్మల్లో తెరుచుకునేది, దానికి బ్రౌజరులో వేరే ప్లగిన్ను కావాలి. మొత్తం పుస్తకం ఒకేసారి దించుకోడానికి బయటివాళ్ళు సొంతంగా డౌన్‌లోడర్లు రాసుకోవాల్సి వచ్చింది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కోలా ఉండేవి. ఒకే పుస్తకం రెండుమూడు చోట్ల స్కానయ్యేది. కొన్నిట్లో ఆకులు లేవు, కొన్నిట్లో అక్షరాల అంచులు తెగిపోయాయి. చివరికి కాపీరైటు గొడవల్లో 2017 నాటికి ఆ సైటే మూతపడింది. కార్ల్ మాలమూద్ గారి పబ్లిక్ రిసోర్స్ సంస్థ అప్పటికే అక్కడి నుంచి నాలుగు లక్షలకి పైగా పుస్తకాల్ని ఆర్కైవ్.ఆర్గ్‌కి చేర్చబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. వాటి గుర్తింపు సంఖ్యల్లో ఇప్పటికీ డీఎల్ఐ అన్న అక్షరాలు కనబడుతూనే ఉంటాయి.

ఇంత పెద్దవాళ్ళు చేసిన పనిలో ఇలాంటి చిన్న తప్పులు ఎలా మిగిలాయి? తెలివి తక్కువై కాదు. లెక్క పెట్టుకున్న వస్తువు పుస్తకాల సంఖ్య. ఎన్ని లక్షలు అయ్యాయి అన్నదే అందరూ చెప్పుకున్నారు, పత్రికలూ అదే రాశాయి. సంఖ్య లక్ష్యం అయినప్పుడు పోయిన ఆకు లెక్కలోకి రాదు. ఒక పాఠకుడు మూడేళ్ళ తరవాత ఆ ఆకు లేదని కనిపెట్టినా, అప్పటికి పుస్తకం దాని లైబ్రరీకి వెళ్ళిపోయింది, స్కాన్ చేసిన జట్టు ఇంకో చోటికి పోయింది. మా ఊళ్ళో నేను తప్పించుకున్నది సరిగ్గా ఈ గోతినే. మాది ఎనిమిది వందలు, వాళ్ళది లక్షలు, అంతే తేడా.

పోనీ ఇది మన దేశం జబ్బేనా అంటే కాదు. యూరప్ దేశాలన్నీ కలిసి 2008 నవంబరు 20న యూరోపియానా అనే డిజిటల్ గ్రంథాలయాన్ని ఘనంగా ప్రారంభించాయి. మొదటి రోజే జనం తాకిడికి కుప్పకూలింది. మళ్ళీ నిలబెట్టడానికి వారాలు పట్టింది. రిబ్బను కట్ చేసే రోజు దాకా తలుపు మూసి ఉంచితే, తొలి పరీక్షా తొలి పరాభవమూ ఒకేరోజు వస్తాయి.

దీనికి తిరగబడిన పద్ధతి కూడా ఉంది, అదీ మన భాషలోనే. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్ చూడండి. అక్కడ పని ముక్క ఒక పుస్తకం కాదు, ఒక పేజీ. ఓసీఆర్ తీసిన పేజీ ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు. ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పసుపు చేసిన మనిషే ఆకుపచ్చ చెయ్యడానికి వీల్లేదు, సాఫ్టువేరే ఒప్పుకోదు. అరసున్నా ఎగిరిపోయినా, బండి ర మామూలు ర అయిపోయినా, రెండో మనిషి కంటికి చిక్కుతుంది. మూల పేజీ బొమ్మ పక్కనే కనిపిస్తూ ఉంటుంది, అంటే పుస్తకం ఎప్పుడూ చేతిలో ఉన్నట్టే. వాళ్ళెవరూ పొద్దున్నే నిలబడరు, స్క్రమ్ మాస్టరూ లేడు. అయినా నేను చూసిన అసలైన ఎజైల్ అదే.

ఇక్కడ మా వాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. "అయితే అన్ని లైబ్రరీ ప్రాజెక్టుల్లోనూ స్ప్రింట్లు పెట్టేస్తే సరిపోతుందా?" సరిపోదు బాబూ. ఎజైల్ పేరుతోనే అదే తప్పు చెయ్యచ్చు. ఈ స్ప్రింటులో ఎన్ని పేజీలు, పోయిన స్ప్రింటు కన్నా ఎన్ని ఎక్కువ అని గ్రాఫు గీసి మేనేజరుకి చూపిస్తే, అది పాత లక్షల లెక్కనే రెండేసి వారాలకి కత్తిరించినట్టు. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే రెండు వారాలకోసారి డెమో జరిగేది. చూసేవాళ్ళందరూ మేనేజర్లే. వాడాల్సిన మనిషి ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు. డెమోలన్నీ బ్రహ్మాండం, ప్రాజెక్టు మాత్రం అటకెక్కింది.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. కొన్ని నిర్ణయాలు కొంచెం కొంచెంగా తీసుకునేవి కావు. గోదావరి వాళ్ళకి ఇది ఆనకట్ట, కాలవల భాషలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేయించాడు. నదికి అడ్డంగా సగం గోడ కట్టి, ఎలా ఉందో చూసి మిగతా సగం సంగతి ఆలోచిద్దాం అంటే కుదరదు. కాని కాలవలు అలా కాదు. ఆనకట్ట అయ్యాక కూడా ఏళ్ళ తరబడి, ఒక పాయ తరవాత ఒక పాయ, ఊరు ఊరుకీ తవ్వుకుంటూ పోయారు. పైగా తవ్వి వదిలెయ్యలేదు. ఇప్పటికీ వేసవిలో కాలవలు కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి, లాకులు బాగుచేసి మళ్ళీ నీళ్ళు వదులుతారు. మా రెట్రోస్పెక్టివు మీటింగుల కన్నా అది చాలా నయం, కనీసం పూడిక కంటికి కనబడుతుంది. :)

డిజిటల్ గ్రంథాలయంలోనూ ఆనకట్ట లాంటి పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది స్కాను నాణ్యత. పాత కాయితాన్ని పదేపదే స్కానరు కింద పెట్టలేం, కాబట్టి మూలప్రతి మొదటిసారే మంచిగా తియ్యాలి. ఫోనుకి తేలికైన ప్రతి దానిలోంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. రెండోది, ప్రతి పుస్తకానికీ ఎన్నటికీ మారని ఒక నంబరు. మూడోది, మొత్తం కనీసం రెండు చోట్ల దాచడం. నాలుగోది కాపీరైటు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. 1919లో పోయిన వీరేశలింగం గారివీ, 1946లో పోయిన చిలకమర్తి వారివీ ఎప్పుడో అందరివీ అయిపోయాయి. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారివి 2022 నుంచి అందరివీ. ఈ లెక్క చూసుకోకుండా ఎక్కించేసి, తరవాత సర్దుకుందాంలే అంటే డీఎల్ఐ సైటుకి పట్టిన గతే పడుతుంది. ఈ నాలుగూ మొదటి రోజే కూర్చుని తేల్చుకోవాలి. మిగతావన్నీ, అంటే ఏ పుస్తకం ముందు, పేర్లు ఎలా, వెతకడం ఎలా, తెర మీద అక్షరం ఎంత, ఇవన్నీ కాలవలే. తవ్వుతూ నేర్చుకోవాలి.

నిజానికి మన గ్రంథాలయోద్యమం వాళ్ళకి ఈ విద్య కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవలో పడవ మీద పుస్తకాలు వేసుకుని రేవు రేవునా ఆపుతూ పంచారు. పెద్ద భవనం కట్టేదాకా పాఠకుణ్ణి ఆగమనలేదు. పడవ ఒడ్డుకి ఆనగానే ఎవరు వచ్చారో, ఏ పుస్తకం అడిగారో ఎదురుగానే తెలిసిపోతుంది. ఇవాళ మేం స్టిక్కర్లు అంటించి చేస్తున్న యూజర్ రీసెర్చి ఇంతకన్నా ఏం పొడుస్తోంది చెప్పండి.

రాజమండ్రిలో 1898 నాటి నుంచి వస్తున్న గౌతమీ గ్రంథాలయం లాంటి పెద్దవి మొదలుకుని మా ఊరి పెంకుటిల్లు దాకా, గోదావరి జిల్లాల్లో పాత పుస్తకాలున్న చోట్లు చాలా ఉన్నాయి. ఎవరైనా వాటిని డిజిటలు చెయ్యడానికి డబ్బిస్తే, గ్రాంటిస్తే, నాదొక చిన్న విన్నపం. ఎన్ని లక్షల పేజీలు అని టెండరులో రాయకండి. మొదటి నెలలో పది పుస్తకాలు అడగండి. ఆ ఊరి పాఠకులు ఐదుగుర్ని కూర్చోబెట్టి చదివించండి. వాళ్ళు చెప్పిన తప్పులు దిద్దాకే రెండో నెల డబ్బు ఇవ్వండి. స్కాన్ చేసిన పుస్తకాన్ని ఒకరు చదివి సరే అనేదాకా అరలోకి పంపకండి. నెమ్మదిగా అనిపిస్తుంది, నిజమే. కాని తప్పుల్తో చేసిన లక్ష పుస్తకాల్ని రెండోసారి చెయ్యడానికి ఎవరూ డబ్బివ్వరు. "అది అయిపోయింది కదా" అంటారు. సగం చేసిన పని కన్నా అయిపోయిందనిపించుకున్న చెడ్డ పని ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాని తరవాత ఆ పుస్తకాన్ని కాపాడాలన్న తొందర ఎవరికీ ఉండదు.

మా సంగతంటారా, ఇప్పటికి రెండు వందల పదిహేను పుస్తకాలయ్యాయి. ఎక్సెల్ ప్లాను ప్రకారం ఎప్పుడో ఎనిమిది వందలూ అయిపోవాలి. పాత నూట నలభైలోంచి ఇరవై ఆరింటిలో ఆకులు పోయాయని తేలింది. పంతొమ్మిది మళ్ళీ తీశాం. ఏడింటి కాయితం తట్టుకోలేదు, అవి అలా చిల్లులతోనే ఉండిపోతాయి. ఆ ఏడూ నా ఎక్సెల్ షీటు ఖాతాలోవే, ఇంకెవరి మీదా తొయ్యను.

మేష్టారికి ఈ మధ్య ఎడం కంట్లో శుక్లం ఆపరేషనయింది. అయినా రెండు వారాలకోసారి ఐదు పుస్తకాలూ తిరగేస్తున్నారు. మొన్న ఫోను చేసి, "ఒరే, ఈసారి తప్పులేం దొరకలేదురా, సరిగ్గా చూశానో లేదో, ఇంకెవరికైనా కూడా చూపించు" అన్నారు. రెండో మనిషి కన్ను కావాలని వికీసోర్స్ సాఫ్టువేరులో రాసుకున్న నియమం, ఎనభై దాటిన పెద్దాయనకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. వచ్చే శనివారం పదో తరగతి చదివే ఇద్దరు పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెడుతున్నాం. ఇంకా ఐదు వందల పైచిలుకు పుస్తకాలున్నాయి. చూడాల్సిన కళ్ళు పెరగాలి, అదీ పుస్తకాలు బల్ల మీద ఉండగానే.